లారీ ఛాసిస్‌కు ‘తుప్పు మీదనే వేసే’ నల్ల కోటింగు కొనేవారికి హెచ్చరిక

మిర్యాలగూడ, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల్లో పాత లారీలను బాగు చేయించుకుంటున్నవారు నేను పడిన నష్టం పడకూడదని ఇది రాస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. అలాంటి డబ్బా అమ్మేది ఆ ఒక్క దుకాణమే అయి ఉండదు.

మా నాన్నగారి టాటా 1210 ఏళ్ల తరబడి మిర్యాలగూడ రేక్ పాయింటు (గూడ్సు రైళ్ల సరుకు దించే చోటు) నుంచి ఎరువుల బస్తాలు మోసిన బండి. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పోయిన వేసవిలో బాడీ, క్యాబిన్ దించి, ఛాసిస్‌ను దిమ్మెల మీద పెట్టించాను. పైకి ఛానెళ్లు (ఛాసిస్ పొడవునా ఉండే ఇనుప దూలాలు) గట్టిగానే ఉన్నా బ్యాటరీ పెట్టె వెనుక, క్రాస్ మెంబర్లను, అంటే అడ్డ దూలాలను, రివెట్లతో బిగించిన చోట, జంట ఛానెళ్ల మధ్య సందులో తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. బ్లాస్టింగుకు, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి తుప్పు రాల్చడానికి, అయ్యే ఖర్చు విని వెనకాడుతున్న సమయంలో రంగుల దుకాణం యజమాని ఒక డబ్బా చూపించి, “తుప్పును మార్చే కన్వర్టరు, కోటింగు రెండూ ఇదే సార్. వైర్ బ్రష్ కొట్టి తుప్పు మీదనే ఎయ్యుండ్రి, పదేండ్ల దాంక మళ్ల చూసే పనుండది” అన్నారు. నేను వినాలనుకున్న మాట కూడా అదే కావడంతో 5 లీటర్ల డబ్బాలు రెండు తీసుకున్నాను. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద మొత్తం రాసి ఇచ్చారు. డబ్బా మీద బ్యాచ్ నంబరు గానీ, తయారైన తేదీ గానీ లేవన్న సంగతి ఇంటికి వచ్చాక కూడా నేను గమనించలేదు.

జూన్‌లో రెండు పూతలు వేయించాం. ఛాసిస్ షోరూం నుంచి వచ్చినట్టు నిగనిగలాడింది. దసరా దాటాక చూస్తే బ్యాటరీ పెట్టె వెనుక రేగుపండంత బుడగలు లేచి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీరగానే పూత ఉల్లిపొరలా అరచేయంత మేర ఊడి వచ్చింది. దాని కింద తుప్పు తడితడిగా, పసుపు కలిపిన ఇటుక పొడిలా ఉంది. అనుమానం వచ్చి పాత గుడ్డను పెట్రోలులో ముంచి, బాగా ఉన్న చోట రుద్దాను. గుడ్డ ముదురు గోధుమరంగులోకి మారింది, పూత కరిగి చేతికి జిగటగా అంటింది. అంటే అది థిన్నరులో పలచన చేసిన తారు రంగు మాత్రమే. డీజిల్ ట్యాంకు కింద చుక్కలు పడిన చోట అది అప్పటికే మెత్తబడి ఉంది.

నిజమైన కన్వర్టరులో టానిక్ ఆమ్లమో, ఫాస్ఫరిక్ ఆమ్లమో ఉంటుంది. అది తుప్పుతో చర్య జరిపి దాన్ని గట్టి నల్లటి పొరగా మారుస్తుంది. టానిక్ ఆమ్లం రకం సాధారణంగా డబ్బాలో పాలలా తెల్లగా ఉండి, తుప్పు మీద పడ్డాకే నల్లబడుతుంది కాబట్టి పని చేసిందీ లేనిదీ మన కళ్లకే కనిపిస్తుంది. డబ్బాలోనే నల్లగా ఉన్న సరుకు దేన్ని మార్చిందో ఎవరికి తెలుస్తుంది? పైగా అసలైన కన్వర్టరు కూడా తేలికపాటి తుప్పుకే పనికివస్తుంది. పొరలుగా లేచిన తుప్పు అడుగుదాకా అది దిగదు, దాని మీద ప్రైమరూ టాప్ కోటూ తప్పవు.

నా తప్పు కూడా ఒకటుంది. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడ్, అంటే ఒక రకం ఉప్పే. ఆ ఉప్పు తుప్పు గుంటల్లో చేరితే వైర్ బ్రష్‌కు రాదు. పైన ఏ పూత వేసినా ఆ ఉప్పు తేమను లోపలికి లాగి బుడగలు లేపుతుంది. ఎరువులు మోసిన బండిని ముందు ప్రెషర్ నీళ్లతో కడగాలి. మన జిల్లా బోరు నీళ్లలోనూ లవణాలు ఉంటాయి కదా, చివరి కడుగుడుకైనా కృష్ణా నీళ్లు వాడటం మేలు.

రెండోసారి తారు మొత్తం గీకించి, ఛాసిస్‌ను కడిగించి, ఇసుకతో కాకుండా కాపర్ స్లాగుతో (రాగి తీయగా మిగిలే చిట్టెం పొడి) బ్లాస్టింగ్ చేయించాను. ఇసుక ధూళి పనివాళ్ల ఊపిరితిత్తులను తినేస్తుంది. పని అప్పగించేటప్పుడు ‘ఎస్‌ఏ 2.5’ స్థాయికి, అంటే తుప్పు, పాత రంగు దాదాపు పూర్తిగా పోయేదాకా, శుభ్రం చేయాలని కాగితం మీద రాయించుకోండి, లేకపోతే పైపైన ఊది పంపిస్తారు. బ్లాస్టింగుకు ముందు ఛాసిస్ నంబరు మీద మందంగా టేపు వేయించడం మరచిపోవద్దు. అది చెరిగితే ఫిట్‌నెస్‌కు వెళ్లినప్పుడు ఆర్టీఏ ఆఫీసులో సమాధానం చెప్పుకోవాలి. బట్టబయలైన ఇనుము వానాకాలం గాలికి గంటల్లోనే ఎర్రబారుతుంది కాబట్టి అదే పూట, ఇనుము వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడు, హార్డెనరు కలిపే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు వేయించాను. ఎపాక్సీ ఎండకు సుద్దలా రాలుతుంది గనుక దాని మీద ఎండకు తట్టుకునే పాలీయురేథేన్ రంగు వేయించాను. బ్రష్ దూరని జంట ఛానెళ్ల సందుల్లోకి, పైపు నాజిలుతో, ఎండినా పగలని మైనపు రకం నూనె కొట్టించాను. జింకు ప్రైమరు కొనమని కూడా కొందరు చెబుతారు. మంచిదే గానీ, జింకు ఇనుమును నేరుగా తాకితేనే ఇనుముకు బదులు తాను తినబడి కాపాడుతుంది. తుప్పు మీద వేస్తే ఆ ఖర్చు దండగ.

దుకాణానికి వెళ్లి అడిగితే, “మీ మేస్త్రీకి కొట్టరాలే” అన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 2 ఏళ్ల గడువు ఉంది గానీ, నా చేతిలో జీఎస్టీ బిల్లు లేదు. మీరు కొనేటప్పుడు డబ్బా మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు చూసి, అవే వివరాలతో బిల్లు రాయించుకోండి. సరుకు వివరాల పత్రం, అంటే టీడీఎస్, అడిగితే ఇవ్వలేని దుకాణంలో కొనకండి. అమ్మేముందు ఒక రేకు ముక్క మీద వేసి, పూర్తిగా ఎండనిచ్చి, పెట్రోలు గుడ్డతో రుద్ది చూపించమనండి. నా దగ్గర సగం డబ్బా ఇంకా మిగిలే ఉంది. ఆ తెల్ల చీటీని దాని మూతకు అంటించి షెడ్డులో ఉంచాను.