18 పౌండ్ల డాక్టరు, 3 పౌండ్ల బస్సు

లండన్ వైట్‌చాపెల్‌లో సాయంత్రం పూట జాక్ ద రిప్పర్ సందులన్నీ తిప్పి చూపిస్తారు. 1888లో అక్కడ ఆడవాళ్లని వరసగా చంపి, ఎవరో తేలకుండానే పోయిన హంతకుడికి జనం పెట్టిన పేరది. మనిషికి 18 పౌండ్లు. గుంటూరు నుంచి వచ్చిన మా బావమరిది ముచ్చటపడ్డాడని ముగ్గురం వెళ్లాం, 54 వదిలాయి. నల్లటోపీ గైడు మమ్మల్ని ఓ సందు మొగలో నిలబెట్టి, "మాంటగ్యూ డ్రూయిట్ అనే డాక్టరే హంతకుడు, అందుకే థేమ్స్‌లో దూకాడు" అని తేల్చేశాడు. ఆయన డాక్టరు కాదు, లాయరు అన్నాను. నవ్వేసి పక్క సందులోకి నడిచాడు. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది.

నాకు మండిందంటే మండదా! డ్రూయిట్ నాకు క్రికెట్ వల్ల తెలిసినవాడు. 1857లో డోర్సెట్‌లోని వింబోర్న్‌లో పుట్టాడు. సర్జన్ తండ్రి, కొడుకు కాదు. 1885లో బారిస్టరయ్యాడు, బ్లాక్‌హీత్‌లో ఓ బడిలో పాఠాలూ చెప్పేవాడు. తీరిక దొరికితే మైదానమే, అదీ పైసా తీసుకోని అమెచ్యూర్‌గా. 1888 ఆగస్టులో మన పార్సీ జట్టు ఇంగ్లండ్ వెళ్లినప్పుడు బోర్న్‌మత్ తరఫున ఆడి, మొదటి ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. గెలిచింది మాత్రం పార్సీలే! సెప్టెంబరు 8 తెల్లవారుజామున వైట్‌చాపెల్‌లో రిప్పర్ చేతిలో ఆనీ చాప్‌మన్ హత్య జరిగింది. ఆ రోజే పదకొండున్నరకి ఈయన బ్లాక్‌హీత్‌లో మ్యాచ్‌కి దిగాడు. చేతులు కడుక్కుని వచ్చి బ్యాటు పట్టాడంటే నమ్మేవాళ్లు నమ్మొచ్చు, నేను నమ్మను.

ఆ ఏడాది చివర్లో బడి ఉద్యోగం పోయింది. తల్లి అప్పటికే పిచ్చాసుపత్రిలో. డిసెంబరు 31న చిజిక్ దగ్గర నదిలో శవం దొరికింది, జేబుల నిండా రాళ్లు. 1894లో మెక్‌నాటన్ అనే పోలీసు అధికారి అనుమానితుల గురించి రాస్తూ ఈయన్ని 41 ఏళ్ల డాక్టరని రాశాడు. పోయేనాటికి ఆయనకి 31. ఆ పొరపాటునే మాకు 18 పౌండ్లకి అంటగట్టారు.

పంతం పట్టి వింబోర్న్ వెళ్లాం. ఆ ఊరికి రైలు లేదు. పూల్‌లో దిగి బస్సెక్కాలి, టికెట్ 3 పౌండ్లు. బస మాత్రం ఎవరికీ చెప్పను. బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి 95 అని బుక్ చేస్తే, పొద్దున్న చల్లారిన టోస్టు తినిపించి ముగ్గురికీ 42 అదనంగా వేశారు. "అది వేరే రేటండీ" అంది రిసెప్షన్ అమ్మాయి, తల ఎత్తకుండా. మీరు వెళితే బ్రేక్‌ఫాస్ట్ మాట ముందే రాయించుకోండి.

మా ఆవిడ మూడ్‌ని నిలబెట్టింది మిన్‌స్టర్ చర్చిలోని లైబ్రరీ. పుస్తకాలకి గొలుసులు! దొంగల భయం అప్పుడూ ఉండేదన్నమాట.

శ్మశానంలో డ్రూయిట్ సమాధి కోసం తడిగడ్డి తొక్కుకుంటూ నలభై నిమిషాలు వెతికాం. సమాధి దగ్గర మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పార్సీల మీద ఎన్నన్నావు బావా, ఐదు వికెట్లా?" అని అడిగాడు.

తిరుగు బస్సులో ఫోన్ తీసి ఆ నడక కంపెనీకి ఒక్క స్టార్ ఇచ్చాడు. కింద రాసింది ఒకటే ముక్క: "ఆయన డాక్టరు కాదు."