కౌన్సెలింగ్ గదిలో స్పైడర్‌మ్యాన్: ఒక సపోర్ట్ గ్రూప్ రివ్యూ

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. సీటు వచ్చిన రోజు ఇంట్లోవాళ్లు ఎంత సంతోషపడ్డారో, మొదటి సెమిస్టర్‌లో నాకు అంత భయం పట్టుకుంది. పాఠం అర్థం కాకపోతే ప్రొఫెసర్ గదికి వెళ్లి అడగొచ్చని కూడా నాకు తెలియదు. తోటివాళ్లకి ఇలాంటివన్నీ అమ్మానాన్నలు ముందే చెప్పి పంపారు. మా ఇంట్లో ఆ సంగతులు తెలిసినవాళ్లు లేరు, అది వాళ్ల తప్పు కాదు. ఫోన్ వచ్చినప్పుడల్లా "అంతా బాగానే ఉందమ్మా" అనేదాన్ని.

ఆ రోజుల్లో కాలేజీ కౌన్సెలింగ్ సెంటర్ నోటీసు కనపడింది. కుటుంబంలో మొదటిసారి కాలేజీకి వచ్చినవాళ్ల కోసం ఒక గ్రూప్, ఎనిమిది వారాలు, వారానికి గంటన్నర. కామిక్స్, యానిమే (జపాన్ యానిమేషన్), సినిమా, పాప్ మ్యూజిక్, దేనికి అభిమాని అయినా రావచ్చు. నోటీసులో "డిప్రెషన్" అన్న మాట లేదు. ఉండి ఉంటే నేను ఆ తలుపు తట్టేదాన్ని కాదు.

మొత్తం తొమ్మిది మందిమి. ఒక కౌన్సెలర్, ఆమెకు సాయంగా ఒక సీనియర్. మొదటి రోజు ఎవరి గురించి వాళ్లు చెప్పుకోనక్కర్లేదన్నారు. ఇష్టమైన పాత్ర, ఆ పాత్రకు సంబంధించి ఒక్క సన్నివేశం చెబితే చాలు. నేను స్పైడర్‌మ్యాన్ కామిక్స్ 31వ సంచిక గురించి చెప్పాను, 1965 డిసెంబర్‌ది. పీటర్ పార్కర్, అంటే ముసుగు తీసిన స్పైడర్‌మ్యాన్, కాలేజీలో కొత్తగా చేరతాడు. తనను పెంచిన ఆంటీ మే ఆస్పత్రిలో ఉంటుంది. ఆ దిగులులో తోటివాళ్లు పలకరించినా అతని చెవికెక్కదు. వాళ్లేమో పొగరనుకుంటారు. ఇంతవరకు చెప్పేసరికి నా గొంతు పట్టేసింది. హాస్టల్లో నన్నూ అలాగే అనుకుంటున్నారు.

కౌన్సెలర్ నా గురించి ఏమీ అడగలేదు. "పీటర్ ఆ క్లాసువాళ్లకి ఒక్క మాట చెప్పగలిగితే ఏం చెబుతాడు?" అని మాత్రం అడిగారు. "ఇంట్లో బాగాలేదు, మీ మీద కోపం కాదు" అన్నాను. మర్నాడు నా రూమ్మేట్‌తో ఆ మాటే అన్నాను, ఈసారి నా తరఫున. ఈ గ్రూప్‌కి నేను మంచి మార్కులు వేస్తున్నది ముందుగా ఇందుకే. నేరుగా నా కథ అడిగితే నోరు పెగిలేది కాదు.

ఇంకో కారణం కూడా ఉంది. కాలేజీలో సగం సంగతులు ఇంటి నుంచి వారసత్వంగా వస్తాయి, ఫ్యాండమ్, అంటే అభిమానుల లోకం, అలా రాదు. ఎవరికి వాళ్లు చదివి, చూసి, తోటి అభిమానుల్ని అడిగి నేర్చుకోవాల్సిందే. ఆ గదిలో ఏదైనా తెలియకపోవడం సిగ్గు కాదు. ఏ సంచికలో ఏం జరిగిందో నన్ను అడుగుతుంటే, కాలేజీలో మొదటిసారి తెలిసినదానిలా కూర్చున్నాను. అలా చక్కగా అడగడం నాకూ వచ్చు కదా, ప్రొఫెసర్ దగ్గర ఎందుకు కాదు అనిపించింది.

మూడో వారం భయానికి పేరు పెట్టమన్నారు. సమస్యని మనిషి నుంచి విడదీసి చూడటం మైకేల్ వైట్, డేవిడ్ ఎప్‌స్టన్ రూపొందించిన నేరేటివ్ థెరపీలో (మన జీవితాన్ని కథలా చూసే కౌన్సెలింగ్ విధానంలో) ఉన్న పద్ధతేనట. నా భయానికి "పొరపాటు సీటు" అని పేరు పెట్టాను. నాకు సీటు పొరపాటున వచ్చిందనీ, ఎప్పుడో ఒకరోజు పట్టుబడతాననీ నాకు లోపల ఉండేది. పాలీన్ క్లాన్స్, సుజేన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లోనే దీన్ని ఇంపోస్టర్ ఫినామినన్ అన్నారని విన్నాక ఊపిరి తీసుకున్నాను. అందరూ కలిసి విలన్‌ని ఆరా తీసినట్టు దాన్ని ఆరా తీశారు. ఎప్పుడొస్తాడు? ఏం తిని బలుస్తాడు? రిజల్ట్స్ ముందు వస్తాడు, నేను ఎవరినీ ఏదీ అడగనప్పుడు బలుస్తాడు.

అభిమానం అంతా మేలే అని కూడా చెప్పలేదు, అది నాకు నచ్చింది. తెరమీది మనుషులతో ఏర్పడే ఒకవైపు బంధాన్ని హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లో పారాసోషల్ అన్నారని వివరించారు. కే-పాప్ (కొరియన్ పాప్ మ్యూజిక్) అభిమాని ఒకమ్మాయి తన అభిమాన గాయకులకు ఆన్‌లైన్‌లో ఓట్లు వేయడం కోసం తెల్లవారుజాము దాకా మేలుకునేది (తన అనుమతితోనే రాస్తున్నాను). మానేయమని ఎవరూ అనలేదు. మర్నాడు క్లాసులో తనకి ఏం మిగులుతోందో రాసుకోమన్నారు. తనే టైమ్ తగ్గించుకుంది.

లోపాలున్నాయి. సాయంత్రం నాలుగింటికి పెట్టడం పెద్ద తప్పు. మాలాంటివాళ్లలో చాలామందికి ఆ వేళకి పార్ట్‌టైమ్ పని ఉంటుంది. నాలుగో వారానికి ఇద్దరు ఆగిపోయారు, ఇష్టం లేక కాదు. ఆరో వారం అంతా సినిమా చూడటంతోనే గడిచిపోయింది, మాట్లాడుకోనే లేదు. ఒకసారి ఒక కథలో ఏ రెండు పాత్రలు ప్రేమజంటగా కుదురుతాయన్న గొడవ ముదిరితే, కౌన్సెలర్‌కి ఆ కథ తెలియక సీనియర్ సర్దాల్సి వచ్చింది. ఇది చికిత్సకు బదులు కాదని మొదటిరోజే చెప్పారు. ఏడో వారం నాకు గుండెదడ, ఊపిరాడకపోవడం ఎక్కువైతే రెండు రోజుల్లో విడిగా అపాయింట్‌మెంట్ ఇచ్చారు. చేరేముందు మీరూ ఈ ఏర్పాటు ఉందో లేదో అడగండి. లేకపోతే కేవలం అభిమాన సంఘంలా మిగిలిపోతుంది.

చివరి రోజు మళ్లీ ఒక సన్నివేశం తెమ్మన్నారు. 33వ సంచిక తీసుకెళ్లాను. పెద్ద యంత్రం కింద పీటర్ ఇరుక్కుపోయి ఉంటాడు, నీళ్లు కారుతుంటాయి, ఆంటీ మే మందు చేతికందనంత దూరంలో ఉంటుంది. ఆ బరువు ఒంటరిగా ఎత్తేస్తాడు. ఎన్నోసార్లు చదివి పొంగిపోయిన పేజీలవి. ఈసారి మాత్రం, తను అక్కడ ఉన్నట్టు ఒక్కరికీ చెప్పలేదే అని బాధేసింది.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఒక సబ్జెక్టు పోయిందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్లీ ఎప్పుడు రాయాలి?" అని అడిగింది.