ఇన్ఫోసిస్ వార్షిక నివేదిక 2024-25: ఒక రిటైర్డ్ లెక్కల టీచరు వేసిన మార్కులు

అయిదుకి మూడు. మార్కులు ముందే చెప్పేశాను కాబట్టి తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో తెలుసుకోవాలనుకునే వాళ్లు మాత్రం కాస్త ఓపిక పట్టండి.

నేను ఒంగోలు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మా అల్లుడు షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా తెరిపిస్తే, రిటైరయ్యాక వచ్చిన డబ్బుల్లో కొంచెం తీసి ఇన్ఫోసిస్ షేర్లు ఇరవై కొన్నాను. షేరు ఒక్కటి ఉన్నా చాలు, ఏటా వార్షిక నివేదిక ఈమెయిల్‌లో వచ్చి పడుతుంది. దానికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. వందల పేజీలు. అచ్చు పుస్తకమే కావాలంటే కంపెనీకి రాసి తెప్పించుకోవచ్చు. నేను ఫోన్‌లో చదవడం మొదలుపెట్టి, కళ్లు లాగి, చివరికి కావలసిన పేజీలు మా వీధి జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. చదవాలంటే అదే మంచి పద్ధతి. పెన్సిలు పెట్టుకోవచ్చు.

ముందు భాగం పెళ్లి ఆల్బమ్ లాంటిది. అందరూ నవ్వుతూ ఉంటారు, ఎవరికీ ఏ లోటూ లేదు. అది తిప్పేయండి. అసలు సరుకు బోర్డు నివేదిక వెనక అనుబంధాల్లో ఉంటుంది. కంపెనీల చట్టం 2013లో 197వ సెక్షన్, 12వ సబ్‌సెక్షన్ ప్రకారం లిస్టయిన ప్రతి కంపెనీ ఒక లెక్క చెప్పి తీరాలి: ఒక్కో డైరెక్టరు పారితోషికం, ఉద్యోగుల మధ్యగత వేతనానికి ఎన్ని రెట్లు? ఆ ఏడాది పైవాళ్లకి ఎంత శాతం పెరిగింది, మధ్యగతం ఎంత శాతం పెరిగింది, శాశ్వత ఉద్యోగులు ఎందరు అన్నవీ అక్కడే ఉంటాయి. ఈ నివేదికలో నేను డబ్బు పెట్టైనా కొనే పేజీ ఇదొక్కటే.

మధ్యగతం, అంటే ఇంగ్లీషులో మీడియన్, పదో తరగతి పాఠమే. ఉద్యోగులందర్నీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్యలో నిలబడ్డ మనిషి జీతం అన్నమాట. ఇన్ఫోసిస్‌లో 2024-25లో అది సుమారు 10.72 లక్షలు. సీఈవో సలీల్ పరేఖ్‌కి అందింది 80.62 కోట్లు. భాగించండి, 752 రెట్లు వస్తుంది. మా బళ్లో పిల్లలు ఈ లెక్కలో కోట్లని లక్షల్లోకి మార్చడం మరిచిపోయి 7.52 అని రాసేవాళ్లు. నిజంగా జవాబు అదే అయ్యుంటే ఈ రివ్యూ రాసే పనే ఉండేది కాదు.

న్యాయంగా చెప్పాలి కదా, ఆ 80 కోట్లూ నెలనెలా చేతికొచ్చే జీతం కాదు. ఇంచుమించు 49.5 కోట్లు అంతకుముందు ఏళ్లలో ఇస్తామన్న షేర్లని ఆ ఏడాది తీసుకున్నందువల్ల వచ్చిన విలువ. షేరు ధర పెరిగితే ఈ అంకె పెరుగుతుంది, పడితే పడుతుంది. 2021-22లో 71.02 కోట్లున్నది మరుసటి ఏడాది 56.44 కోట్లకి దిగింది కూడా. కాబట్టి ఒక్క ఏడాది అంకె పట్టుకుని గోల చేయడం సరికాదు, కొన్నేళ్లు వరసగా చూడాలి. చూస్తే 2019-20లో 34.27 కోట్లు. అయిదేళ్లలో రెండు రెట్లు దాటింది.

ఇదే కాలంలో కింద మెట్టు ఎక్కడుంది? ఇది తెలుసుకోవడానికి నాకు నివేదిక అక్కర్లేకపోయింది. మా పాత విద్యార్థులు పండక్కి ఊరొస్తే ఇంటికొచ్చి పలకరిస్తారు. 2010 ప్రాంతంలో ఒక ఐటీ కంపెనీలో చేరిన పిల్లవాడు మూడుంపావు లక్షల ప్యాకేజీ అని చెప్పి కాళ్లకి దండం పెట్టాడు. మొన్న సంక్రాంతికి వచ్చినవాడు మొహమాటపడుతూ అన్నాడు: "మూడున్నర, టీచర్. పీఎఫ్ పోను నెలకి పాతిక వేలు. గచ్చిబౌలిలో పీజీకీ తిండికీ సగం పైగా పోతోంది. నాన్న ఇంకా నెలనెలా కొంచెం పంపుతున్నారు." ఈ ఇద్దరి మధ్య వస్తువుల ధరలు రెండింతలు దాటాయి. అంటే రెండోవాడికి అందుతున్న దాని విలువ మొదటివాడికి అందినదాంట్లో ఇంచుమించు సగమే. ఇద్దరి కంపెనీల పేర్లూ రాయను, అవసరం లేదు. పెద్ద కంపెనీలన్నీ ఫ్రెషర్‌కి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతున్న సంగతి ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న ఇళ్లన్నిటికీ తెలుసు. ఇన్ఫోసిస్‌లోనే ఒకప్పుడు ఆర్థిక వ్యవహారాలు చూసిన మోహన్‌దాస్ పాయ్ కూడా 2024లో ఫ్రెషర్ల జీతాలు పదమూడేళ్లుగా పెద్దగా కదల్లేదని బహిరంగంగా విమర్శించారు.

ఇక్కడే నివేదికలో ఒక మార్కు పోయింది. 752 అనేది నడిమధ్య మనిషితో పోలిక. గేటు దగ్గర మొదటి రోజు ఐడీ కార్డు మెళ్లో వేసుకున్న పిల్లతో పోలిక కాదు. ఆ పిల్ల 3.6 లక్షలతో చేరిందనుకోండి, 2,200 రెట్లు దాటుతుంది. ఈ రెండో లెక్క నివేదికలో ఉండదు. చట్టం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. చట్టం ఏం అడిగితే అది తూచా తప్పకుండా ఇచ్చారు, కాదనను.

మధ్యగతంలో ఇంకో తిరకాసుంది. ఇది నాకు బాగా నచ్చిన భాగం, అందుకని కొంచెం సాగదీస్తాను. అయిదుగురి జీతాలు 3, 4, 8, 10, 12 లక్షలు అనుకోండి. మధ్యగతం 8. మరుసటి ఏడాది కింది ఇద్దరూ మానేశారు, వాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తీసుకోలేదు. మిగిలినవి 8, 10, 12. మధ్యగతం 10 అయింది! ఎవరికీ ఒక్క రూపాయి పెరగలేదు, మధ్యగతం మాత్రం పాతిక శాతం ఎగిరింది. సీఈవో జీతంతో నిష్పత్తి తగ్గి చూడ్డానికి ముచ్చటగా తయారైంది.

ఇప్పుడు అసలు అంకెలు చూడండి. ఇన్ఫోసిస్ 2021-22లో 85,000 మంది ఫ్రెషర్లని తీసుకుంది. వరసలో కింది చివర పిల్లలతో నిండిపోయింది. అప్పుడు మధ్యగతం 8.14 లక్షలు, నిష్పత్తి 872. 2023-24కి వచ్చేసరికి తీసుకున్న ఫ్రెషర్లు 11,900 మంది మాత్రమే, మొత్తం ఉద్యోగులు ఆ ఒక్క ఏడాదిలో 3,43,234 నుంచి 3,17,240కి తగ్గారు. మధ్యగతం 9.77 లక్షలకి ఎక్కింది, నిష్పత్తి 677కి దిగింది. ఈ పెరుగుదలలో నిజమైన ఇంక్రిమెంట్లు ఉండొచ్చు, ఉన్నాయి కూడా. కానీ అందులో ఎంత జీతాల పెంపు, ఎంత కొత్తవాళ్లు రాకపోవడం అన్నది ఈ పేజీ చూసి ఎవరూ విడదీయలేరు. "మధ్యగత వేతనం ఇంత శాతం పెరిగింది" అన్న వాక్యం పక్కన "కొత్తగా చేరినవాళ్లు ఇంతమంది" అని ఒక్క అంకె రాస్తే ఏం పోయింది? పరీక్షలో మెట్లు చూపించకుండా జవాబు మాత్రం రాసినవాడికి నేనెప్పుడూ పూర్తి మార్కులు వేయలేదు.

రెండో మార్కు ఎక్కడ పోయిందంటే, ఈ వరసలో నిలబడ్డవాళ్లంతా కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్లే. క్యాంపస్ ఊడ్చే అమ్మ, గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్‌లో ఇడ్లీ వేసే కుర్రాడు కాంట్రాక్టరు మనుషులైతే మధ్యగతంలో లేరు. ఇది ఒక్క ఇన్ఫోసిస్ తప్పు కాదు, లెక్క అలాగే పెట్టారు. అయితే వెనక పేజీల్లో బీఆర్ఎస్ఆర్ అని, వ్యాపార బాధ్యత, సుస్థిరత గురించిన ఒక భాగం వస్తుంది. లిస్టయిన పెద్ద కంపెనీలు వెయ్యింటికి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి దాన్ని తప్పనిసరి చేసింది. అందులో మానవ హక్కుల కింద ఒక పట్టిక: కనీస వేతనంతో సమానంగా ఎందరికి ఇస్తున్నారు, అంతకంటే ఎక్కువ ఎందరికి అని, శాశ్వతం కానివాళ్లకి కూడా వేరే గడి పెట్టి. ఆడవాళ్ల మధ్యగతం, మగవాళ్ల మధ్యగతం విడివిడిగా కూడా అక్కడ దొరుకుతాయి. మీ దగ్గర ఫ్యాక్టరీలున్న కంపెనీల షేర్లుంటే ఈ పట్టిక తప్పకుండా చూడండి, ఐటీ వాళ్ల నివేదికలో కంటే అక్కడ దీని రుచి ఎక్కువ తెలుస్తుంది.

చట్టంలో పరిమితి లేదా అని మా అల్లుడు అడిగాడు. ఉంది. షేరుహోల్డర్లు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప, ఒక మేనేజింగ్ డైరెక్టరుకి నికర లాభంలో అయిదు శాతం దాటకూడదు, మొత్తం డైరెక్టర్లకి పదకొండు శాతం. ఇన్ఫోసిస్ లాభం పాతిక వేల కోట్లు దాటింది. అందులో అయిదు శాతం అంటే 1,250 కోట్లు. అంత ఎత్తున కట్టిన గోడ ఎవరికి అడ్డం? చిన్న కంపెనీల ప్రమోటర్లని ఆపుతుందేమో కానీ, ఇక్కడ దానికి పనేమీ లేదు.

మా లోకంలో లెక్క వేరుగా ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 పీఆర్సీ మాస్టర్ స్కేలు 20,000తో మొదలై 1,79,000 దగ్గర ఆగింది. అట్టడుగు అటెండరుకీ పైన కూర్చున్న అధికారికీ మధ్య తొమ్మిది రెట్లు. ప్రైవేటు కంపెనీ కూడా అలాగే ఉండాలని నేననను, ప్రపంచమంతా తిరిగి కాంట్రాక్టులు తెచ్చేవాళ్లకి ఎక్కువివ్వాల్సిందే. కానీ ఈ విషయంలో నాకంటే గట్టిగా మాట్లాడినాయన ఆ కంపెనీ పెట్టినవాళ్లలోనే ఉన్నారు. 2017 ఏప్రిల్‌లో నారాయణమూర్తి గారు, అప్పట్లో కంపెనీ రోజువారీ పనులు చూసే సీవోవో ప్రవీణ్‌రావు జీతం పెంపు మీద బహిరంగంగా లేఖ రాశారు. ఎక్కువమంది ఉద్యోగులకి 6 నుంచి 8 శాతం పెంచి, పైనున్న ఒక్కరికి 60, 70 శాతం పెంచడం సరికాదని ఆయన అభ్యంతరం. షేరుహోల్డర్ల ఓటింగులో ఆ పెంపు తీర్మానం నెగ్గింది లెండి. కుర్రవాళ్లు ఇంకా ఎక్కువ గంటలు పని చేయాలని ఆ తర్వాత అన్న మాటల్లో నేను ఆయనతో ఏకీభవించను గానీ, ఈ లేఖకి మాత్రం పదికి పది.

ఇన్ఫోసిస్ ఒక్కదాన్నే ఎందుకు పట్టుకున్నావంటారేమో. నా దగ్గరున్న షేర్లు అవే, అంతకుమించి కోపం లేదు. అదే ఏడాది హెచ్‌సీఎల్ టెక్ సీఈవోకి వచ్చింది ఇంతకంటే ఎక్కువే, 94 కోట్ల పైన. టీసీఎస్ సీఈవో కృతివాసన్‌కి 26.5 కోట్లు, నిష్పత్తి 330 దగ్గర. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల సంగతి తీసుకోండి. 2023 మేలో ఆయన సీఈవోగా ఉన్న మైక్రోసాఫ్ట్, జీతగాళ్లకి ఆ ఏడాది జీతాల పెంపు లేదంది. 2024 జూన్‌తో ముగిసిన ఏడాదికి ఆయన పారితోషికం 48.5 మిలియన్ డాలర్ల నుంచి 79.1 మిలియన్లకి పెరిగింది. నగదు బోనస్‌ని మాత్రం భద్రతా లోపాల దృష్ట్యా తగ్గించమని ఆయనే అడిగారు, అది కూడా చెప్పాలి. మన దేశం మొత్తం మీద చూస్తే, 2024-25 ఆర్థిక సర్వే ప్రకారం 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. ఆ సర్వే రాసింది ప్రభుత్వమే.

ఇక సర్వీసు. షేరుహోల్డరుగా నాకున్న అధికారం ఓటు. ఫోన్‌లో ఓటీపీ కొట్టి వేయొచ్చు, సులువుగా ఉంది, ఇందులో వంక పెట్టను. సమావేశాలు కూడా ఇప్పుడు వీడియోలోనే. ముందే పేరిచ్చుకుంటే మాట్లాడే అవకాశం ఇస్తారు. ఒక కంపెనీ సమావేశం (ఇది కాదు, వేరే) పూర్తిగా చూశాను. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది సెక్రటరీ గారికి ధన్యవాదాలు చెప్పి, ఛైర్మన్ గారి ఆరోగ్యం కోరి, బోనస్ షేర్లు అడిగి దిగిపోయారు. జీతాల నిష్పత్తి గురించి ఒక్క ముక్క లేదు. అమెరికాలో పై జీతాల మీద షేరుహోల్డర్ల అభిప్రాయ ఓటు 2011 నుంచి ఉంది. మన దగ్గర అలా ఏటా అడగరు, నియామకమో పునర్నియామకమో షరతుల మార్పో వచ్చినప్పుడే అవకాశం.

ఓట్లతో ఒరిగేదేముంది అనుకోకండి. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో, అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు, సిద్ధార్థ లాల్ పునర్నియామకం, జీతం కలిపి పెట్టిన ప్రత్యేక తీర్మానానికి కావలసిన 75 శాతం రాలేదు. ఓడిపోయింది. కంపెనీ యజమాని మనిషికే ఆ అనుభవం! ఆ తర్వాత లాభంలో 3 శాతం వరకు అన్న పరిమితిని 1.5కి తగ్గించి మళ్లీ పెట్టి నెగ్గించుకున్నారు. ఓడించింది పెద్ద సంస్థాగత మదుపర్లే, నా ఇరవై షేర్ల లాంటివి కాదు. అయినా జరిగింది.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ల కోసం: ఆ ఏడాదికి షేరుకి 43 రూపాయల డివిడెండు, నా ఇరవైకి 860 రూపాయలు. లాభం పంచుకునే వరసలో నేనూ ఉన్నానన్నమాట, గచ్చిబౌలి పీజీలో ఉన్న పిల్లవాడు లేడు. నివేదిక మాత్రం చదవదగ్గదే, ముఖ్యంగా ఇంట్లో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లుంటే. వాళ్ల కంపెనీ నివేదిక కంపెనీ సైట్లో ఎవరైనా దింపుకోవచ్చు, షేరు కూడా అక్కర్లేదు. "మీడియన్" అన్న మాట కొట్టి వెతకండి, నేరుగా ఆ పేజీకి తీసుకెళ్తుంది.

పరేఖ్ గారి పదవీకాలం 2027 మార్చి 31 దాకా. ఆయన్నే కొనసాగించినా, కొత్తవారు వచ్చినా జీతం షరతులు మన ఓటుకి వస్తాయి. సమావేశంలో పెడితే ముందు రోజు సాయంత్రం అయిదింటికి ఆన్‌లైన్ ఓటింగ్ మూసేస్తారు. షేర్లున్నవాళ్లు ఆ మెయిల్‌ని స్పామ్‌లో పడనివ్వకండి.