డోర్ గ్లాస్ మెషిన్: డూప్లికేట్ పదహారు నెలలు, ఒరిజినల్ నాలుగేళ్లు దాటింది

మాది 2013 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. విజయవాడ నుంచి గుంటూరుకు ఉద్యోగానికి వారంలో ఆరు రోజులు దాంట్లోనే వెళ్లొస్తాను. డ్రైవర్ డోర్‌లో పవర్ విండో రెగ్యులేటర్, అంటే మోటార్ తిరిగితే గ్లాస్‌ను పైకి కిందికి నడిపే భాగం, ఇప్పటికి రెండుసార్లు మార్పించాను. ఆటోనగర్‌లో గ్లాస్ మెషిన్ అని అడిగితే వెంటనే అర్థం చేసుకుంటారు. మొదట వేయించింది డూప్లికేట్, పదహారు నెలలకే పోయింది. 2020 నవంబర్‌లో వేయించిన కంపెనీ ఒరిజినల్ ఇప్పటికీ పనిచేస్తోంది.

మొదటిసారి పాడైంది 2019 జులైలో. కాజ టోల్ దగ్గర డబ్బులిచ్చి గ్లాస్ ఎత్తబోతే డోర్ లోపల టప్‌మంది. స్విచ్ నొక్కితే మోటార్ గర్రుమంటోంది, గ్లాస్ మాత్రం పైకి రావడం లేదు. చూస్తుండగానే ఒక పక్కకు ఒరిగి డోర్‌లోకి జారిపోయింది. బయట జోరున వాన. ఇంటికొచ్చేసరికి నా కుడి భుజం, సీటు, డోర్ మీది స్విచ్‌లు అన్నీ తడిసిపోయాయి.

ఆ గర్రుమనే చప్పుడుతోనే సగం సంగతి తెలిసిపోతుంది. మోటార్ తిరుగుతున్నా గ్లాస్ కదలకపోతే తప్పు దాదాపు మెషిన్‌దే. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజ్, తర్వాత స్విచ్, ఆ తర్వాత డోర్ కీళ్ల దగ్గర రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైర్లు చూడాలి. డోర్ తీసి వేసే ప్రతిసారీ అవి వంగుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడే తెగుతాయి. ఇంజిన్ ఆపి పరీక్షించి గ్లాస్ నెమ్మదించిందని మాత్రం తేల్చేయకండి. ఇంజిన్ ఆగి ఉంటే మోటార్‌కు అందేది పన్నెండు వోల్టుల చిల్లర, నడుస్తుంటే దాదాపు 14.

వానల్లో గ్లాస్ లేని కారు ఇంటి ముందు పెట్టుకోలేక, దగ్గర్లో ఉన్న ఒక చిన్న షాపులో వెంటనే వేయించేశాను. మెషిన్ 1,100 రూపాయలు, కూలి 400. గంటలో పని అయిపోయింది. వారం తిరక్కముందే పడిన వానకు డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ నానిపోయింది. గ్లాస్ పూర్తిగా మూసే ఉంది. ముందు అద్దం అంచు నుంచి దిగుతోందా, ఏసీ నీళ్లా అని ఎంత వెతికినా దొరకలేదు. మ్యాట్ ఎండబెట్టడం, మళ్లీ తడవడం, పొద్దున్నే డోర్ తీస్తే ముక్కిపోయిన వాసన. ఆ వర్షాకాలమంతా అదే టెన్షన్.

కారణం రెండోసారి డోర్ విప్పినప్పుడు బయటపడింది. డోర్‌కు లోపలివైపు ఉండే ప్యాడ్ ఊడదీస్తే వెనక రేకు మీద నల్లటి జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీట్ ఉండాలి. మా డోర్‌కు అది లేదు. మొదటి షాపులో చించి పడేశారు. అది దుమ్ము కోసమేనని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. గ్లాస్‌కు బయటివైపు ఉండే రబ్బరు పట్టీ వాన నీటిని పూర్తిగా ఆపదు. కొంత నీరు గ్లాస్ వెంట డోర్ కడుపులోకి దిగి, అడుగున ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. డోర్‌ను తయారుచేసేదే అలా. ఆ నీరు రేకుకున్న పెద్ద కంతల్లోంచి మన వైపు రాకుండా ఆపేది ఆ షీటే. అది లేకపోతే నీళ్లు ప్యాడ్ వెనక నుంచి నేరుగా మ్యాట్ మీదికే వస్తాయి. అందుకే ఎక్కడ వేయించుకున్నా పని దగ్గర నిలబడి, ఆ షీట్ మళ్లీ చుట్టూ అంటుకుందా లేదా చూసుకోమని గట్టిగా చెబుతున్నాను. మెషిన్ ఏ రకం వేశారన్న దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ చిరిగిన షీటే.

పదహారు నెలలకు గ్లాస్ మళ్లీ మొండికేసింది. ఈసారి పడిపోలేదు, పైకి వెళ్తూ ముందు మూల కిందికి ఒరిగి సగంలో బిగుసుకుపోయేది. ఒక చేత్తో గ్లాస్‌ను పైకి లాగుతూ, రెండో చేత్తో స్విచ్ నొక్కితేగానీ మూసుకునేది కాదు. అప్పుడు ఆటోనగర్‌లో నాన్నకు తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన, మేం బాబాయ్ అని పిలుస్తాం. పాత మెషిన్ విప్పి నా చేతిలో పెట్టారు. గ్లాస్‌ను పట్టుకునే ప్లాస్టిక్ స్లైడర్ బోల్టు కింద నిలువునా చీలిపోయి ఉంది. బయట పసుపు తిరిగినా, చీలిక లోపల మాత్రం కొత్తగా తెల్లగా ఉంది. స్టీలు కేబుల్ పుల్లీ ఎక్కే చోట పోగులు విడిపోయి, పాత నులక తాడుకు పీచు లేచినట్టు లేచాయి. వేలితో తడమబోతే, "వద్దమ్మా, గుచ్చుకుంటుంది" అని ఆపారు.

ఆ తర్వాత ఆయన కొత్త మెషిన్ జోలికి వెళ్లలేదు. బనియన్ గుడ్డ ఒకటి సన్నటి స్క్రూడ్రైవర్‌కు చుట్టి, గ్లాస్ జారే రబ్బరు బీడింగ్ లోపల పై నుంచి కిందికి లాగారు. గుడ్డకు కాటుకలాంటి ముద్ద అంటుకుంది. ఏడేళ్ల దుమ్ము, వాన నీళ్లు కలిసి గట్టిపడిన ముద్ద. అది పట్టేయడంతో గ్లాస్‌ను లాగడానికి మోటార్ ఎక్కువ బలం పెడుతుంది, ఆ బరువంతా ప్లాస్టిక్ ముక్క మీదా కేబుల్ మీదా పడుతుంది. తుడవకుండా ఏ మెషిన్ వేసినా ఇంతేనన్నారు. నాలుగు గుడ్డలు నల్లబడ్డాక గానీ ఆయన చేయి ఆపలేదు.

కాబట్టి డూప్లికేట్‌ను పూర్తిగా తప్పుబట్టలేను. మురికి బీడింగ్‌లో ఒరిజినల్ అయినా నలిగిపోయేది. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తేడా తెలిసింది. ఒరిజినల్‌కు స్లైడర్ జారే పట్టా రేకు మందంగా ఉంది, పుల్లీ ఊగడం లేదు. ధర 2,650 రూపాయలు, మోటార్ లేకుండా. పాత మోటార్ బాగానే ఉండటంతో మూడు స్క్రూలు విప్పి కొత్తదానికి బిగించారు. మోటార్ పనిచేస్తున్నప్పుడు మొత్తం సెట్ కొనమంటే ఒప్పుకోవద్దు. కుడి డోర్‌ది ఎడమకు పట్టదు, కొనేటప్పుడు చెప్పి తీసుకోవాలి. షీట్ స్థానంలో మందపాటి పాలిథీన్ కత్తిరించి, జిగురుగా ఉండే బ్యూటైల్ రబ్బరు టేప్‌తో చుట్టూ అంటించారు. ఆ రోజు నుంచి మ్యాట్ తడవలేదు.

2023లో ఎడమ ముందు డోర్‌ది తమ్ముడూ నేనూ ఇంట్లోనే మార్చాం. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి మొదలుపెడితే నాలుగు గంటలు పట్టింది. ప్యాడ్ క్లిప్పులు రెండు విరిగాయి, అరడజను ముందే తెచ్చుకోవడం మంచిది. గ్లాస్‌ను చేత్తో పైకి ఎత్తి, మాస్కింగ్ టేప్ పట్టీలు డోర్ ఫ్రేమ్ మీదుగా అటూ ఇటూ అతికించి నిలబెట్టాం. ఇక్కడ ఇద్దరు మనుషులు తప్పనిసరి. పక్క గ్లాస్ టఫెన్డ్ రకం, అంచు మీద గట్టి దెబ్బ తగిలితే ఒక్కసారిగా రవ్వలైపోతుంది. కొత్త మెషిన్ ఎక్కించాక 10 నంబర్ బోల్టులు ముందు వదులుగానే ఉంచాం. గ్లాస్ చివరిదాకా పైకెళ్లి బీడింగ్‌లో సరిగ్గా కూర్చున్నాక బిగించాం. ముందే బిగిస్తే గ్లాస్ వంకరగా నడిచి మళ్లీ అదే స్లైడర్‌ను విరగ్గొడుతుంది.

నాలుగేళ్లలో డ్రైవర్ గ్లాస్ ఒక్కసారి కూడా ఆగలేదు. రోహిణి కార్తె ఎండలో కారెక్కి నాలుగు గ్లాసులూ దించి వేడిగాలి బయటికి పోనిచ్చే అలవాటు నాది, దానికీ తట్టుకుంది. దించడం మొదలుపెట్టినప్పుడు చిన్న టక్ చప్పుడు వస్తోంది, అది పెరగలేదు. ఆరు నెలలకోసారి బీడింగ్ తుడిచి సిలికాన్ స్ప్రే కొడతాను. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ మాత్రం రబ్బరుకు పూయొద్దు, ఉబ్బిపోతుంది, పైగా దుమ్మును పట్టుకుంటుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ దగ్గర గ్లాస్ దించే పనే లేకుండా పోయింది. డూప్లికేట్ నడిచిన నెలల్లో రోజుకు రెండుసార్లు అక్కడే దించి ఎత్తేదాన్ని. రెండింటి ఆయుష్షు పోల్చేటప్పుడు ఆ తేడా కూడా లెక్కేసుకోండి.

వెనక డోర్లకు ఇంకా కారుతో వచ్చిన మెషిన్లే ఉన్నాయి. ఎడమ వెనక గ్లాస్ ఈ మధ్య సగం దాటాక కాస్త నెమ్మదిస్తోంది. ఈ ఆదివారం బనియన్ గుడ్డతో బీడింగ్ తుడిచి చూస్తాను. మెషిన్ సంగతి ఆ తర్వాత.