బ్యాటరీ తీసేసిన ల్యాప్‌టాప్, సేల్‌లో కొన్న ఆటలు: రెండేళ్ల వాడకం తర్వాత

నా ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ లేదు. రెండేళ్ల కిందట ఎండాకాలంలో అది ఉబ్బిపోయి టచ్‌ప్యాడ్‌ని పైకి నెట్టేసింది. రిపేరు షాపతను దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, "ఛార్జరు మీదే వాడుకో అన్నా, ఈ పాతదానికి కొత్త బ్యాటరీ దండగ" అన్నాడు. అప్పట్నుంచీ కరెంటు పోతే ఆట పోయినట్టే. ఇంట్లో ఇన్వర్టరు రెండు ఫ్యాన్లకీ, హాల్లో లైటుకీ మాత్రమే సరిపోతుంది.

అందుకే ఏ ఆటనైనా నేను ముందు ఒక్క ప్రశ్న అడుగుతాను: ఇప్పుడు కరెంటు పోతే నా కష్టంలో ఎంత మిగులుతుంది? బొమ్మలు బాగున్నాయా, కథ బాగుందా అన్నది ఆ తర్వాతి మాట. ఆటల మీద నేను చదివిన సమీక్షల్లో సేవ్ సంగతి, అంటే ఆడినంతవరకూ దాచుకునే సంగతి, ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో రాత్రి పదకొండింటికి ఆడుకునేవాడికి అది ఒక వాక్యంతో తేలే విషయం కాదు.

పగలు రేణిగుంట రోడ్డులో ఒక స్పేర్‌పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. ఇంటికొచ్చి అన్నం తిని కూర్చునేసరికి పది. పన్నెండుకి పడుకోవాలి. ఉన్నది రెండు గంటలు, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, నెలకి ఇంతని పక్కన పెట్టుకున్న డబ్బు. అందుకే కింద రాసిన ఆటల్లో ఏదీ పూర్తి ధరకి కొనలేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల షాపులో జూన్ చివర్లో వచ్చే సమ్మర్ సేల్, డిసెంబరు చివర్లో వచ్చే వింటర్ సేల్ కోసం ఆగుతాను. సేల్ మొదలైన రోజే ఎగబడక్కర్లేదు. ఒకప్పుడు కొన్ని గంటలకోసారి మారే ఫ్లాష్ డీల్స్ ఉండేవి, 2015 చివర్లో వాటిని ఎత్తేశారు. ఇప్పుడు మొదటి రోజున్న ధరే చివరి రోజుదాకా ఉంటుంది. స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఆట పేరు వెతికితే ఇంతకుముందు ఎంతకి తగ్గిందో కూడా కనబడుతుంది. యూపీఐతో కట్టేయొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటలకి మించకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఈ చివరి సౌకర్యం నాకు ఒకసారి బాగా అక్కరకొచ్చింది, అది తర్వాత చెప్తాను.

నేను అన్నిటికన్నా ఎక్కువ ఆడింది స్టార్‌డ్యూ వ్యాలీ. 140 గంటలు దాటింది. 2016 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ఆటని ఎరిక్ బరోన్ అనే ఆయన నాలుగేళ్లకి పైగా ఒక్కడే కూర్చుని తయారు చేశాడు. కోడు ఆయనదే, బొమ్మలు ఆయనవే, సంగీతం ఆయనదే. తాత వదిలిపోయిన బీడు పొలానికి మనం వచ్చి చేరతాం. చేతిలో పెట్టేది పార్స్‌నిప్ అనే దుంప విత్తనాలు 15. ఒక్కో కాలం 28 రోజులు, కాలం మారిందంటే ఆ కాలపు పంట ఎండిపోతుంది. మా తాత పీలేరు దగ్గర చెనిక్కాయ వేసి, వాన కోసం మొగులు చూస్తూ కూర్చోవడం నేను చిన్నప్పుడు చూశాను. ఈ ఆటలో పొద్దున్నే టీవీ పెడితే రేపు వాన పడుతుందో లేదో చెప్తుంది, చెప్పినట్టే పడుతుంది. మొదటిసారి అది గమనించినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. తాతకి అట్లాంటి టీవీ ఒక్కటి ఉండుంటే అనిపించింది.

ఇక సేవ్ సంగతి. ఇందులో పడుకుంటేనే సేవ్ అవుతుంది. పొద్దున ఆరు నుంచి రాత్రి రెండు దాకా ఆటలో ఒక రోజు, మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. అంటే ఎప్పుడు కరెంటు పోయినా ఆటలో ఆ ఒక్క రోజుకి మించి నష్టం లేదు. మామూలుగా అది పెద్ద నష్టం కాదు, కానీ ఒకరోజు అయింది. ఎడారిలో ఉన్న స్కల్ కేవర్న్ గనిలో దిగి, దెబ్బలు తింటూ, మెట్లు వెతుక్కుంటూ పోతుంటే ప్రిస్మాటిక్ షార్డ్ దొరికింది. ఏడు రంగులూ మారే రాయి. దాన్ని ఎడారిలో మూడు స్తంభాల మధ్యకి తీసుకెళ్తే గెలాక్సీ కత్తి వస్తుంది. నెలరోజులుగా వెతుకుతున్నాను. రాయి సంచిలో పడింది, ఆటలో టైము రాత్రి పన్నెండు దాటింది, ఇంకో నిమిషంలో రోజు ముగుస్తుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ స్క్రీను నల్లబడింది. కరెంటు వచ్చాక అదే పొద్దున మళ్ళీ మొదలైంది. అదే గనిలో దిగాను, రాయి లేదు. మళ్ళీ దొరకడానికి ఆటలో ఇంకో పదకొండు రోజులు పట్టింది.

అయినా ఈ ఆట మీద కోపం రాలేదు. రోజుకొకసారే సేవ్ కావడం వల్లే ఆ రోజు ఏం చెయ్యాలో ఆలోచించి చేస్తాం. నీళ్ళు పోసి చేపలకి పోవాలా, గనికి పోవాలా, ఊళ్ళో ఎవరి పుట్టినరోజో చూసుకోవాలా అని పొద్దున్నే లెక్క వేసుకోవాలి. 2024 మార్చిలో వచ్చిన 1.6 అప్‌డేట్‌ని కూడా పైసా తీసుకోకుండా ఇచ్చారు. ఎనిమిదేళ్ల తర్వాత కూడా పాత కొనుగోలుదారుకి కొత్త సరుకు ఊరికే ఇచ్చే షాపు ఇంకోటి నేను చూడలేదు. ఎవరైనా ఒక్క ఆట చెప్పమంటే ఇదే చెప్తాను, సగం ధరకి తగ్గితే రెండో మాట లేకుండా తీసుకోమంటాను.

హాలో నైట్ సంగతి వేరు. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి టీమ్ చెర్రీ అనే చిన్న బృందం తెచ్చిన ఆట. భూమి కింద పాడుబడిన పురుగుల రాజ్యం. మ్యాపు కూడా ఊరికే ఇవ్వరు. కార్నిఫర్ అనే ఆయన ఎక్కడో మూల కూర్చుని కూనిరాగం తీస్తుంటాడు, ఆ పాట వినబడిన వైపు వెతుక్కుంటూ పోయి కొనుక్కోవాలి. రాత్రి ఇయర్‌ఫోన్స్‌లో ఆ కూనిరాగం వినబడిందంటే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కరెంటు పోయినా, మనం పోయినా మళ్ళీ లేచేది చివరగా కూర్చున్న బెంచీ దగ్గరే. బెంచీ నుంచి పెద్ద శత్రువు దగ్గరికి కొన్ని చోట్ల చాలా దూరం నడవాలి. రెండు గంటలే ఉన్నవాడికి ఆ నడక భారమే. దీనికొక మార్కు తగ్గిస్తాను.

కానీ మాంటిస్ లార్డ్స్ అనే ముగ్గురు పురుగు దొరలతో పోరాటానికి నాకు రెండు వారాలు పట్టింది. ముందు ఒకరొస్తారు, ఆ ఒకర్ని పడగొడితే మిగతా ఇద్దరూ కలిసి దూకుతారు. ఎడమ, కుడి, పై నుంచి వచ్చే దెబ్బల్ని కళ్ళు చూసేలోపు వేళ్ళే గుర్తుపట్టాలి. చివరికి గెలిచిన రాత్రి వాళ్ళు ముగ్గురూ తలవంచి నిలబడ్డారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏ మాంటిసూ మన మీద చెయ్యెత్తదు, దారిలో ఎదురైతే వంగి నమస్కారం పెడుతుంది. గెలిచినవాడికి ఇంత మర్యాద ఇచ్చిన ఆట నేను ఇంకోటి ఆడలేదు. దీని తర్వాతి భాగం సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరులో వచ్చింది. ధర తగ్గేదాకా దాని జోలికి పోను.

హేడిస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, పాతాళం నుంచి తప్పించుకోవడానికి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించే ఆట. ఒక్కో ప్రయత్నం అరగంట, మధ్యలో ఆగిపోయినా ఆ గది మొదటి నుంచి ఎత్తుకోవచ్చు, చచ్చిపోయి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్త మాట మాట్లాడతారు. వారం మధ్యలో అలిసిపోయి వచ్చిన రోజులకి ఇది సరైనది.

రాక్షసుల్ని వేటాడేవాడి కథ ది విచర్ 3. అది అసలు నా కార్డు మీద నడుస్తుందా అని భయపడుతూ కొన్నాను. 2015 నాటి ఆట కాబట్టి సేల్‌లో 80 శాతం దాకా తగ్గుతుంది. 2022 డిసెంబరులో ఉచితంగా కొత్త హంగులు ఇచ్చారు కానీ నా లాంటి కార్డులకి అవి బరువు. మొదలుపెట్టేటప్పుడు డైరెక్ట్‌ఎక్స్ 11 అనే పాత పద్ధతి ఎంచుకుని, నీడల్నీ జుట్టునీ తగ్గించుకుంటే సాఫీగా నడుస్తుంది. పోట్లాటలో లేనప్పుడు ఎక్కడైనా ఎఫ్5 నొక్కితే సేవ్. నాకు అది అలవాటైపోయి, షాపులో ఎక్సెల్ షీటు ముందు కూర్చున్నా వేలు ఆ మీట మీదికే పోతోంది.

ఇందులో వెలెన్ అనే చిత్తడి నేలల ప్రాంతంలో బ్లడీ బారన్ అనే ఒక తాగుబోతు దొర కథ ఉంది. ఆడబోయేవాళ్ళు ఈ పేరా వదిలేయండి. తాగి భార్యని కొట్టేవాడు, ఆమె కడుపులో బిడ్డ పోయింది, భార్యా కూతురూ ఇల్లు వదిలి వెళ్ళిపోయారు. పేరు పెట్టకుండా పాతిపెట్టిన ఆ పసిగుడ్డు ఇప్పుడు దయ్యమై తిరుగుతోంది. దాన్ని చంపేయొచ్చు. లేదంటే తండ్రి దాన్ని చేతుల్లో ఎత్తుకుని ఇంటిదాకా మోసి, పేరు పెట్టి, గడప కింద పాతాలి. అప్పుడది ఇంటిని కాచే శక్తి అవుతుంది. నేను రెండోది ఎంచుకున్నాను. వానలో ఆ లావుపాటి మనిషి వంగి, దాన్ని గుండెకి హత్తుకుని నడుస్తుంటే పక్కనే నేను నడిచాను. గడప అనగానే మా అమ్మ శుక్రవారం పసుపు రాసే చెయ్యి గుర్తొచ్చింది. ఎక్కడో పోలండ్‌లో కూర్చుని రాసినవాళ్ళకి గడప అంటే ఏంటో ఇంత బాగా తెలుసా అని ఆశ్చర్యపోయాను. ఆ రాత్రి పన్నెండు దాటినా పడుకోలేదు.

ఒక పెద్ద ఆట విషయంలో దెబ్బ తిన్నాను, పేరు వద్దు. 60 శాతం తగ్గింపు చూసి కొన్నాను. మూడు రాత్రులు డౌన్‌లోడ్ అయింది. తీరా తెరిస్తే సేవ్ చేసుకునే చోటు నలభై నిమిషాలకొకటి, అక్కడికి చేరేలోపు రెండుసార్లు ఆటే ఆగిపోయింది. గంటా ఇరవై నిమిషాలయ్యాక డబ్బు వెనక్కి అడిగాను, నాలుగు రోజుల్లో ఖాతాలో పడింది. కాబట్టి కొన్నదాన్ని మూట కట్టి పెట్టకండి. కొన్న వారంలోపు గంటసేపైనా నడిపి చూడండి. 14 రోజులు దాటాయంటే అడిగే హక్కు పోతుంది.

వెన్బా అనే చిన్న ఆటని అమ్మ కోసం కొన్నాను. 1980లలో కెనడాకి వలసపోయిన తమిళ కుటుంబం కథ, వంట ద్వారా చెప్తారు. 2023లో వచ్చింది, మరుసటి ఏడాది బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డుల్లో తొలి ఆట విభాగంలో అవార్డు కూడా గెలిచింది. అమ్మ పుట్టిల్లు నగరి వైపు, తమిళం ఇంట్లో మాటే. మొదటి వంట ఇడ్లీ. కథలోని తల్లికి వాళ్ళమ్మ ఇచ్చిన వంట పుస్తకంలో అక్షరాలు చెదిరిపోయి ఉంటాయి, ఇడ్లీ రేకులు ఎట్లా పేర్చాలో మనమే కనుక్కోవాలి. నేను ఒకదాని మీద ఒకటి నేరుగా పేర్చాను. వెనకాల నిలబడి పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మ "అట్ట పెడితే ఆవిరి ఎట్టెక్కతాదిరా? గుంట మీద గుంట రాకూడదు, రేకు కొంచెం తిప్పు" అంది. తిప్పాను, అయిపోయింది. అమ్మ మిరపకాయల గిన్నె పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది. గంటన్నరలో ఆట పూర్తయింది. చివర్లో కొడుకు అమ్మ చేతి వంట నేర్చుకునే చోట మా అమ్మ ఏమీ మాట్లాడలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గంటకింత అని లెక్క కట్టేవాళ్ళకి ఇది ఖరీదైన ఆట. నేను ఆ లెక్క కట్టను.

ఇక యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. చెక్ దేశపు ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012లో తెచ్చింది, సేల్ వచ్చిందంటే నాలుగో వంతు ధరకి దిగుతుంది. యూరప్ రోడ్లని పందొమ్మిదో వంతుకి కుదించి పెట్టారు. ముందు ఎవరి లారీలోనో కూలికి తోలి, తర్వాత బ్యాంకు అప్పు తీసుకుని సొంత బండి కొనుక్కోవాలి. రెడ్ సిగ్నల్ దాటితే జరిమానా, నిద్రపోకుండా తోలితే కళ్ళు మూతలు పడి స్క్రీను మసకబారుతుంది. ఎప్పుడంటే అప్పుడు సేవ్ చేసుకోవచ్చు కాబట్టి కరెంటు భయం లేదు. మనవాళ్ళకి ఒక సలహా: మొదట ఊరు ఎంచుకోమన్నప్పుడు బ్రిటన్‌లో ఏదో ఒకటి తీసుకోండి. అక్కడ మనలాగే ఎడమ పక్కన పోతారు. జర్మనీలో మొదలుపెట్టి నేను మొదటి రోజే మూడు కార్లని గుద్దాను.

మా మామ ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమాటా లోడు. మోకాళ్ళు అరిగిపోయి మానేశాడు. పోయిన దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు చూపించాను. కాసేపు చేతులు కట్టుకుని చూసి, "ఏందిరా ఇది, ఒక్కడూ హారన్ కొట్టడే" అన్నాడు. లోడు దించే చోటికి వచ్చాం. ఇక్కడ మూడు దారులుంటాయి: పార్కింగు మానేయొచ్చు, సులువు చోటు తీసుకోవచ్చు, కష్టమైన చోటు తీసుకోవచ్చు. నేనెప్పుడూ సులువుదే. మామ కష్టమైనది నొక్కమన్నాడు. రెండు ట్రైలర్ల మధ్య సందులోకి వెనక్కి పెట్టాలి. నేను నాలుగుసార్లు వంకర చేశాను.

"లెయ్" అన్నాడు. కూర్చుని, బాణం మీటలు ఏవి ఏంటో అడిగాడు. "తోక ఎడం పక్కకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాల. బండిని చూడొద్దు, అద్దంలో చక్రాన్ని చూడు" అంటూ చూపుడువేలితో మీటని తాకీ తాకనట్టు నొక్కాడు. కొంచెం వెనక్కి, ఆగాడు, కొంచెం ముందుకి లాగి నిటారు చేశాడు, మళ్ళీ వెనక్కి. మొదటిసారికే గీతల మధ్య సరిగ్గా నిలబెట్టాడు. మోకాలి మీద రెండో చెయ్యి గేరు రాడ్డు పట్టుకున్నట్టే ఉంది. ఆ తర్వాత రాత్రి ఒంటిగంట దాకా లేవలేదు. డోవర్ నుంచి ఓడ ఎక్కించి కాలే దాకా పోయి, అక్కడ కుడి పక్కన తోలడం కూడా అరగంటలో పట్టేశాడు.

ఇప్పుడు నెలకొకసారి ఫోన్ చేసినప్పుడు ముందు ఆ బండి సంగతే అడుగుతాడు. అప్పు ఎంత తీరిందో, టైర్లు మార్చానో లేదో. మొన్న "భాకరాపేట ఘాట్ మాదిరి మలుపులు యాడన్నా ఉండాయా దాంట్లో?" అన్నాడు. నార్వే కొండల రోడ్లున్న స్కాండినేవియా భాగం విడిగా అమ్ముతారు. విష్‌లిస్టులో పెట్టాను, జూన్ సేల్‌కి తగ్గుతుంది. మామని ఆ వారమే రమ్మన్నాను. తనకి మీటలు నొక్కడం ఇబ్బందిగా ఉందన్నాడు కాబట్టి, ఈలోపు సెకండ్‌హ్యాండులో ఒక స్టీరింగు ఎక్కడన్నా దొరుకుతుందేమో చూస్తున్నాను.