పెద్ద టైల్ కటింగ్ మిషన్ కొనేవారికి జాగ్రత్త: పెట్టె మీద 1,200, కోతలో 1,130

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో టైల్స్ పని చేసుకునేవారు గానీ, సొంతిల్లు కట్టుకుంటూ మనమే ఒక మిషన్ కొనేస్తే పోతుంది కదా అని ఆలోచిస్తున్నవారు గానీ, నీళ్లతో కోసే పెద్ద టైల్ కటింగ్ మిషన్ కోసం బేరమాడుతూ ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవమని కోరుతున్నాను. గత మే నెలలో నేను 68,500 రూపాయలు పెట్టి అలాంటి మిషన్ ఒకటి కొన్నాను. పెట్టె మీద 1,200 మిల్లీమీటర్ల కోత అని అచ్చువేసి ఉంది. ఒక అంచు బయట మొదలై రెండో అంచు బయటికి బ్లేడు నిజంగా కోసుకుపోయే పొడవు మాత్రం 1,130 మిల్లీమీటర్లే. నా నష్టమంతా చాలావరకు ఈ 70 మిల్లీమీటర్ల దగ్గరే మొదలైంది.

పదకొండేళ్లుగా నేను విజయవాడ చుట్టుపక్కల టైల్స్ పని ఒప్పుకుని, ఇద్దరు సహాయకులతో కలిసి స్వయంగా చేస్తున్నాను. ఒకప్పుడు గదులకు రెండడుగుల చదరపు టైల్స్ వేసేవాళ్లం. వాటికి చేత్తో గీత గీసి విరిచే కట్టరు, మూలలకు మార్బుల్ కట్టరు (చేత్తో పట్టుకుని కోసే చిన్న కరెంటు మిషన్) ఉంటే సరిపోయేది. ఇప్పుడు రెండు బై నాలుగు విట్రిఫైడ్ టైల్ మామూలైపోయింది. ఇది 600 బై 1,200 మిల్లీమీటర్ల టైల్. తొమ్మిది మిల్లీమీటర్ల మందం ఉంటే ఒక్కొక్కటి దాదాపు 15 కిలోలు తూగుతుంది. పోరంకిలో మూడంతస్తుల ఇంటి పని ఒప్పుకున్నప్పుడు, మెట్ల అంచులన్నీ 45 డిగ్రీలకు కోసి కలపాలని ఇంటివారు పట్టుబట్టారు. అన్ని అడుగుల పొడవున మార్బుల్ కట్టరును చేత్తో వంచి పట్టుకుని కోయడం మాటలు కాదు. పైగా పొడిగా కోస్తే లేచే సన్నటి సిలికా దుమ్ము ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది. కాబట్టి నీళ్లతో కోసే మిషన్ కొనాలన్న ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. తప్పంతా కొన్న తీరులో ఉంది.

దుకాణంలో మిషన్ నడిపి చూపించారు. చూపించినది అడుగు బై అడుగున్నర గోడ టైల్ మీద. గోడకు వేసే సిరామిక్ టైల్ మెత్తగా ఉంటుంది, పొట్టిగా ఉంటుంది. దాన్ని ఏ మిషనైనా వెన్నలా కోస్తుంది. అంత అనుభవం ఉండి కూడా నేను ఆ కోత అంచును వేలితో తడిమి, పెచ్చు లేవలేదని మెచ్చుకుని, డబ్బు కట్టేసి వచ్చాను. పని జరుగుతున్న చోట నాలుగడుగుల టైల్ పెట్టేసరికి సంగతి బయటపడింది. మోటారు, బ్లేడు జారుతూ పోయే రైల్ మీద మోటారు ఆ చివరికి చేరి ఆగిపోయింది, టైల్ మాత్రం ఇంకా తెగాల్సి ఉంది.

దుకాణానికి ఫోన్ చేసి అడిగితే, బ్లేడును టైల్ మీద నుంచి కిందికి దించి, ఆ తర్వాత తోయాలని, అలా లెక్కిస్తే 1,200 వస్తుందని చెప్పారు. వినడానికి బాగానే ఉంది కానీ, విట్రిఫైడ్ టైల్ పైపొర మీద తిరుగుతున్న బ్లేడు నేరుగా దిగితే ఆ చోట అంచు చిట్లుతుంది. మరో దారి ఏమిటంటే, తెగినంత కోసి, టైల్‌ను తిప్పి పెట్టి, మిగిలిన ముక్కను రెండో వైపు నుంచి కోయడం. అలా చేస్తే రెండు కోతలూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. సుమారు మిల్లీమీటరున్నర పక్కకు తప్పుకుని, అంచులో చిన్న మెట్టులాంటిది మిగిలింది. టైల్‌ను ఆనించే పట్టీ బ్లేడుకు సరైన మూలమట్టంలో లేదని అప్పుడు తెలిసింది. ఇక మిషన్ తలను, అంటే మోటారు, బ్లేడు ఉన్న భాగాన్ని, 45 డిగ్రీలకు వంచితే, బ్లేడు మీది రక్షణ కవచం చివర స్టాండుకు తగులుతుంది; అందువల్ల నేను దేనికోసమైతే ఈ మిషన్ కొన్నానో ఆ కోత పొడవు ఇంకా తగ్గిపోయింది.

కోత వంకర లేకుండా తిన్నగా వస్తోందో లేదో చూడడానికి ఖరీదైన పరికరమేదీ అక్కర్లేదు. ఒకే కొలతకు రెండు టైల్స్ కోసి, ఒకే వైపు నుంచి వచ్చిన రెండు ముక్కలనూ కోసిన అంచులు ఎదురెదురుగా ఉండేటట్లు నేల మీద ఆనించి చూడాలి. కోత ఏమాత్రం వంగినా సందు రెట్టింపై కనబడుతుంది. నా మిషన్‌లో మధ్యన రెండు మిల్లీమీటర్ల సందు వచ్చింది, అంటే రైల్ మధ్యలో ఒక మిల్లీమీటరు పక్కకు వంగి ఉందన్నమాట. టైల్స్ మధ్య సందు సమంగా ఉండడానికి రెండు మిల్లీమీటర్ల స్పేసరు ముక్క పెట్టి వేసే టైల్స్‌లో ఒక మిల్లీమీటరు వంకర అంటే సందులో సగం పోయినట్లే, అది హాల్లో అడుగుపెట్టినవారి కంటికి ముందు తగులుతుంది. దుకాణంలోనే రైల్ పక్కన ఒక దారం బిగించి లాగి చూసినా ఇది తెలిసేది. ఇంటి గోడకు దారం పట్టకుండా ఒక్క వరుస కూడా వేయనివాడిని, 68,500 రూపాయల వస్తువుకు మాత్రం పట్టలేదు.

మోటారు విషయం ఇంకా విచిత్రం. ఇరవై నిమిషాలు నడిపితే చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయేది. సర్వీసు మనిషిని పిలిస్తే, ‘బెజవాడ ఎండకు ఏ మోటారైనా వేడెక్కుతుందండీ’ అన్నాడు. మే నెల కాబట్టి నేనూ కొంత నమ్మాను. తర్వాత మోటారు వెనుక ఉన్న చిన్న రేకును తుడిచి చదివితే 220 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 60 హెర్ట్జ్‌కు చుట్టిన ఇండక్షన్ మోటారును 50 మీద నడిపితే వేగం ఆరో వంతు తగ్గుతుంది, లోపలి ఇనుప కోరు మీద అయస్కాంత భారం పాతిక శాతం దాకా పెరుగుతుంది, అందుకే ఎండ లేకపోయినా అది వేడెక్కుతుంది. వేరే దేశానికి తయారైన సరుకు మన దగ్గరికి ఎలా చేరిందో నేను చెప్పలేను, కానీ రేకు చదవడానికి పట్టేది అర నిమిషం. రేకు మీద 110 వోల్టులని ఉంటే ఇక ఆలోచించకుండా బయటికి నడవండి.

చిన్న విషయాలు కూడా ఉన్నాయి. మిషన్‌తో ఇచ్చిన బ్లేడు అంచు ముక్కలు ముక్కలుగా ఉండే రకం, అది గ్రానైట్‌కు, కడప బండకు పనికొస్తుంది. విట్రిఫైడ్ టైల్‌కు అంచులో ఖాళీలు లేకుండా చుట్టూ ఒకే పట్టీలా ఉండే బ్లేడు వేరే కొనుక్కోవలసి వచ్చింది. నీళ్ల పంపు కూలర్‌లో ఉండేదాని తమ్ముడిలా ఉంది, టైల్ బురద పట్టి పదో రోజుకే ఆగిపోయింది. వారంటీ కాగితంలో బ్లేడు, పంపు, రైల్ మూడూ మినహాయింపుల కింద ఉన్నాయి. ఇక మిగిలింది మోటారు, దానికి కారణం ఎండ అని ముందే తేల్చేశారు. సర్వీసు కేంద్రం విజయవాడలో ఉందన్న మాట కూడా నిజం కాదు. విప్పి వేరే రాష్ట్రానికి పంపాలట, రవాణా ఖర్చు మనదేనట.

ఒక్కటి మాత్రం నవ్వులాటకు తీసుకోవద్దు. కట్టుబడి చోట తాత్కాలిక కరెంటు, నేలంతా నీళ్లు, ఇనుప స్టాండు, తడి చేతులు. ఎర్త్ సరిగా ఉందని చూసుకుని, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉన్న బోర్డు నుంచే తీగ తెచ్చుకోండి. ఎంత మంచి మిషన్ కొన్నా ఇది తప్పదు.

అసలు కొనాలా వద్దా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. తిన్నని కోతలే ఎక్కువైతే, చేత్తో గీసి విరిచే మంచి పొడవాటి కట్టరు చాలు. దానికి కరెంటూ అక్కర్లేదు, బురదా ఉండదు. సన్నటి పట్టీలు, ఎల్ ఆకారపు కోతలు, 45 డిగ్రీల అంచులు రోజూ చేసేవారికే పెద్ద మిషన్ గిట్టుబాటు అవుతుంది. ఒక్క ఇంటి మెట్ల కోసమైతే, గ్రానైట్ యార్డుల్లో అంచుల పనిని అడుగు లెక్కన చేసిపెడతారు, టైల్స్‌ను కూడా కోసిస్తారేమో అడిగి చూడండి. చివరికి పోరంకి మెట్లకు నేను చేసినదీ అదే. తప్పనిసరిగా కొనాలంటే, మీరు వేయబోయే టైల్స్‌లో పెద్దదాన్ని ఆటోలో వేసుకుని దుకాణానికి వెళ్లి, ఒకసారి నిటారుగా, ఒకసారి 45 డిగ్రీలకు వంచి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే ఊపులో కోయించుకోండి. రెండు బై నాలుగు టైల్‌ను మూల నుంచి మూలకు కోయాలంటే 1,342 మిల్లీమీటర్లు కావాలన్నది కూడా గుర్తుంచుకోండి. ఎంత పొడవు కోస్తుందో బిల్లు మీదే రాయించండి. నా బిల్లులో ‘టైల్ కట్టర్ 1’ అని తప్ప ఏమీ లేదు, మోడలు లేదు, సీరియల్ నంబరు లేదు.

వెనక్కి తీసుకోమంటే, ‘మీరు వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదండీ’ అని దుకాణం వారు తేల్చేశారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వస్తువు కొని తానే వాడుకునేవాడు కూడా వినియోగదారుడే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, అందుకు రెండేళ్ల గడువు ఉంది. వ్యవహారం నడుస్తున్నందున దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, అడిగినా చెప్పను.

మిషన్ ప్రస్తుతం మా షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. స్కర్టింగు పట్టీలు కోయడానికి, పది నిమిషాలకోసారి ఆపుకుంటూ వాడుతున్నాను. పెట్టె మీది 1,200 అంకె మీద కాగితం అంటించి, మార్కరుతో 1,130 అని రాసి పెట్టాను. గుంటూరు నుంచి ఒక మేస్త్రీ గారు ఎవరో చెబితే విని, సగం ధరకు ఇస్తారా అని ఫోన్ చేశారు. వ్యవహారం తేలేదాకా అమ్మనని, కావాలంటే వచ్చి చూసుకోవచ్చని, వచ్చేటప్పుడు నాలుగడుగుల టైల్ ఒకటి వెంట తెచ్చుకోమని చెప్పాను.