ప్లగ్గు వాట్ మీటరు: ఏడాదిన్నర వాడాక

204 యూనిట్లు. 2025 జనవరిలో మా బిల్లు మీద కనిపించిన అంకె. నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితమనే ప్రభుత్వ పథకం గృహజ్యోతిలో 200 దాటితే, పైన దాటిన నాలుగింటికే కాదు, మొత్తానికీ కట్టాల్సిందే. ఫ్యాన్లు కూడా తిరగని చలికాలంలో ఇంత ఎలా కాలిందని ఇంట్లో పంచాయితీ. అమ్మ మిక్సీని అనుమానించింది, నేను గ్రైండర్‌ని, తమ్ముడు నన్ను. ఆ వారమే ఎనిమిది వందల చిల్లర పెట్టి ఈ మీటరు కొన్నాను. ప్లగ్గుకీ వస్తువుకీ మధ్యలో పెడితే వాట్లు, యూనిట్లు చూపిస్తుంది, అంతే.

ముందు మిక్సీని విడిచిపెట్టేశాం. ఇల్లంతా దద్దరిల్లేలా 750 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు తిరిగినా యూనిట్‌లో ఇరవై ఐదో వంతు దాటలేదు. సెట్‌టాప్ బాక్సు మాత్రం రిమోట్‌తో ఆపేశాక కూడా 9 వాట్లు లాగుతూనే ఉంది. నెలకు ఆరున్నర యూనిట్లు! మేం తప్పిన జీరో బిల్లు అక్కడే ఉంది.

పెద్ద దొంగ గీజరు. 2000 వాట్లది, అరగంటకు ఒక యూనిట్ అని లెక్క తెలిసిందే. కానీ "అదే ఆగిపోతుంది కదరా" అని అమ్మ స్విచ్చి వేసే ఉంచేది. ఒక ఆదివారం ఎవరం వేడినీళ్లు ముట్టుకోకుండా చూశాం. చుక్క వాడకుండానే సాయంత్రానికి దాదాపు ఒక యూనిట్. నీళ్లు చల్లారడం, మళ్లీ కాగడం, రోజంతా ఇదే పని. ఇప్పుడు స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి, బకెట్ నిండగానే ఆపేస్తున్నాం.

ఫ్యాన్లకీ బోరు మోటారుకీ ప్లగ్గు ఉండదు కాబట్టి వాటికి ఈ మీటరు పనికిరాదు. దానికి వేరే ఉపాయం దొరికింది. గోడ మీది కరెంటు మీటరులో ఎర్ర లైటు మినుకుతుంటుంది కదా, మాదాని మీద 3200 అని ఉంది. అంటే అన్నిసార్లు మినుకితే ఒక యూనిట్. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపి, ఒక్క ఫ్యానే వేసి, నేను కింద ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని నిల్చున్నాను. పాత ఫ్యానుకు పదిహేను సెకన్లకోసారి మినుకింది, అంటే 75 వాట్లు. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను వేస్తే నలభై సెకన్ల దాకా మినుకలేదు. పైనుంచి అమ్మ "ఫ్యాను వేసే ఉంది, నువ్వే నిద్రపోయావా" అని కేక. మోటారు వేస్తే మాత్రం దాదాపు సెకనుకోసారి, గుండె కొట్టుకున్నట్టే.

లోపాలు లేకపోలేదు. తెరకు లైటు లేదు; ఫ్రిజ్ వెనక బోర్లాపడి టార్చి వేసుకుని చదవాలి. ఏడాది తిరగకుండానే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయింది, దాంతో కరెంటు పోయినప్పుడల్లా లెక్క సున్నాకి వచ్చేది. ఫ్రిజ్ ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి ఇరవై నాలుగు గంటలైనా చూడాలి, మా వీధిలో అంతసేపు కరెంటు పోకుండా ఉండటం అదృష్టమే. ఫోన్ చార్జర్ లాంటి చిన్నవాటికి సున్నా చూపిస్తుంది, నమ్మకండి. గీజరుకు పెట్టినప్పుడు పిన్నులు వేడెక్కాయి, అందుకే ఆ ఒక్కరోజు తర్వాత మళ్లీ పెట్టలేదు.

మొదటి నెల తర్వాత మాకు దీనితో పెద్దగా పనిపడలేదు. ప్రస్తుతం పక్కింటివాళ్ల ఫ్రిజ్ వెనక ఉంది. ఈ ఆదివారం ఇచ్చేస్తామన్నారు. పోయిన ఆదివారం కూడా అదే అన్నారు.